షెడ్డులో చుట్టాలు

నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఉన్న ఒక లాడ్జిలో విజయేందర్ మేనేజరు. వచ్చినవాళ్లకు దండం, పోయేవాళ్లకు దండం, నల్లాలో నీళ్లు రావడం లేదని తిట్టినవాళ్లకు ఇంకా పెద్ద దండం. పెట్టీ పెట్టీ ఆయన చేతులకు విడివిడిగా ఉండడం అలవాటు తప్పింది. ఇంట్లో కూర ఉప్పు కషాయమైనా "జర మంచిగనే ఉంది" అంటాడు. గల్లీలో కుక్క ఎదురైతే పక్కకు జరిగి దారిస్తాడు. ఇలాంటి మనిషి ఒకరిని నొప్పించాడంటే ఎవరూ నమ్మరు. కానీ నొప్పించాడు. అదీ సొంత అక్కను, ఒక్క మాటతో.

చాపెల్ రోడ్డు వెనక గల్లీలో తండ్రి కట్టిన ఇంటిమీద రెండు గదులు వేసి, నలుగురిని పిలిచి అన్నం పెట్టిన రోజు సంగతి అది. అక్క అహల్య వికారాబాద్ నుంచి ముందురోజే వచ్చేసింది. కొంగు నడుముకు చుట్టి పప్పు చూసింది, పెరుగు చూసింది, వంటవాణ్ణి ఏడిపించింది, ఆఖరి పంక్తి లేచేదాకా మజ్జిగ పోసింది. అందరూ తిన్నాక తాను తిందామని వస్తే గిన్నెల్లో అడుగులు కనబడుతున్నాయి. విజయేందర్ కంగారుపడిపోయాడు. లాడ్జి అలవాటుకొద్దీ చేతులు జోడించి, "అయ్యో అక్కా, చుట్టాలతోటి కూసుంటే అయిపోతుండె గదా" అన్నాడు.

"నన్ను చుట్టాలల్ల కలిపినవారా?" అని మాత్రం అడిగింది అహల్య. చెప్పులేసుకొని, ఖాళీ కడుపుతో రైలెక్కింది.

ఆ తర్వాత పెళ్లిళ్లలో కనబడితే పలికింది, పలికీ పలకనట్టు. తమ్ముడి గడప మాత్రం తొక్కలేదు. తల్లి పోయాక ఆయనకు తల దువ్వి, చొక్కా గుండీలు పెట్టి బడికి తోలింది ఆ అక్కే. పండగ వస్తే విజయేందర్‌కు ముద్ద దిగేది కాదు. ఎందుకు దిగదో పెళ్లాం శశికళకు తెలుసు, ఆమె అడిగేదీ కాదు.

అలాంటి అక్క ఒక రోజు తానే ఫోన్ చేసింది. "బషీర్‌బాగ్‌ల పండ్ల డాక్టరు మంచిగ చూస్తడంట. దవడ పండు పానం తీస్తున్నది. రెండు దినాలు నీ ఇంటికాడ ఉంటా. తక్లీఫ్ అయితే చెప్పు, లాడ్జిల ఉంటా."

విజయేందర్‌కు ఆ రోజు కాళ్లు నేలమీద లేవు. లాడ్జిలో గదులు ఊడ్చే యాదవ్వకు కూడా చెప్పుకున్నాడు. ఆయనకు ఉన్న కోరిక ఒక్కటే, ఈసారి అక్క ఈ ఇంట్లోంచి అలిగి పోకూడదు.

కానీ ఇంట్లో అప్పటికే ఎవరూ పిలవనివాళ్లు దిగి ఉన్నారు.

నాంపల్లి మైదానంలో ఏటా పెట్టే నుమాయిష్ ఎగ్జిబిషన్ అయిపోయి దుకాణాలు ఎత్తేశాక అక్కడి ఎలుకలన్నీ తమ గల్లీకే వచ్చాయని శశికళ నమ్మకం. అవి మిర్చిబజ్జీ మరిగిన ఎలుకలని, వట్టి అన్నం మెతుకులకు లొంగేవి కావని ఆమె వాదన. వాటికి ఇంటిముందరి కార్ల షెడ్డు బాగా నచ్చింది. అందులో విజయేందర్ సెకండ్‌హ్యాండులో కొనుక్కున్న మెరూన్ రంగు కారు ఉంది. దాని చుట్టూ పాడైన కూలరు, పాత పేపర్ల కట్టలు, శశికళ పుట్టింటి నుంచి వచ్చిన బియ్యం బస్తాలు. ఎలుకకు ఇంతకన్నా మంచి లాడ్జి నాంపల్లిలో దొరకదు.

ఇక్కడ శశికళ పుట్టింటి గురించి ఒక మాట చెప్పాలి. ఆమె తండ్రిది ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల దుకాణం. ఆమె పెరిగిందంతా బస్తాల నడుమే. ఆ ఇంట్లో ఎలుకను పేరుపెట్టి అనడం లేదు. అంటే అది వింటుందట. విన్నదంటే పెట్టిన మందు ముట్టదు, బోను ఎక్కదు, పైగా పగబట్టి కొత్త బట్టలు చూసి చూసి కొరుకుతుంది. అందుకని వాళ్లు ఎలుకలను "చుట్టాలు" అనేవారు. ఒక్కటే ఉన్నా "వచ్చిన్రు, పోయిన్రు" అని మర్యాదగా అనాలి. మర్యాద తగ్గినా వాటికి అనుమానం వస్తుందట. చదువుకున్న శశికళ ఇవన్నీ మూఢనమ్మకాలని అందరికీ చెబుతుంది. ఎలుకల దగ్గర మాత్రం నియమం తప్పదు. మొగుణ్ణి కూడా తప్పనివ్వదు. మనం వాళ్ల షెడ్డులో లేము కాబట్టి ఎలుకలనే అనుకుందాం.

అక్క వచ్చేలోగా చుట్టాలను సాగనంపాలని ఇద్దరూ నడుం కట్టారు. బోనులో టమాటా ముక్క పెడితే ముఖం తిప్పుకున్నాయి. ఉస్మానియా బిస్కెట్ పెడితే బోను మూతపడకుండా బిస్కెట్ మాయమైంది. జిగురు అట్ట పరిచారు. దానికి దొరికింది విజయేందర్ ఎడమకాలి చెప్పు, ఆ చెప్పులో ఉన్న విజయేందర్. ఆన్‌లైన్‌లో తెప్పించిన మిషనొకటి, మనుషులకు వినబడని చప్పుడు చేస్తుందన్నారు, చేసింది. అది విజయేందర్‌కు వినబడేది, ఎలుకలకు వినబడేది కాదు.

అక్క వచ్చే రోజు రానే వచ్చింది. నాంపల్లి స్టేషన్ ఆ ఇంటికి నడిచిపోయేంత దూరమే. అయినా అక్కను కారులో తేవాలని ఆయన ముచ్చట. తుడిచి, బొట్టు పెట్టి, తాళం తిప్పితే కారు ఒకసారి మూలిగి ఊరుకుంది. మూత ఎత్తి చూస్తే వైర్లు నమిలి పెట్టి ఉన్నాయి. ఆయన నడుచుకుంటూ పోయి, అక్క సంచి భుజానేసుకొని, నడిపించుకుంటూ తెచ్చాడు.

"కారు కొన్నవన్నరు?" దవడ పట్టుకొని అడిగింది అహల్య.

"ఉన్నదక్కా. చుట్టాలు ఖరాబు చేసిన్రు."

"ఏ చుట్టాలురా?"

విజయేందర్ నాలుక కరుచుకున్నాడు. అప్పటికి షెడ్డు గేటు ముందే ఉన్నారు. "ఉన్నరు తియ్. మల్ల చెప్తా," అని లోపలికి తీసుకుపోయాడు. చుట్టాలనే మాట చెవిన పడగానే అక్క ముఖం ముడుచుకున్న సంగతి ఆయన చూడలేదు.

అయినా పొద్దంతా బాగానే గడిచింది. అక్క మేడమీది గదులు చూసింది, కిటికీ తెరలు బాగున్నాయంది, శశికళ జడ చూసి "సన్నబడ్డది, నూనె పెడ్తలేవా" అని కసిరింది. ఆ కసురు విని విజయేందర్‌కు పానం లేచొచ్చింది. డాక్టరు దగ్గరికి సాయంత్రం పోవాలి. అహల్య నడిమి గదిలో, లవంగం దవడకు అదుముకొని నడుం వాల్చింది. ఆ గది కిటికీ షెడ్డువైపు తెరుచుకుంటుంది. విజయేందర్ షెడ్డులో బస్తాలు జరుపుతున్నాడు. వంటింటి తలుపు దగ్గర నిలబడి శశికళ పలకరించింది.

"చుట్టాలు ఉన్నరా?"

"ఉండక ఏడికి పోతరు. మంచిగ సెటిలయిన్రు. ఇప్పట్ల పోయేటట్టు లేరు."

"నిన్న బిస్కెట్ల మందు కలిపి పెట్టిన గదా?"

"వాసన చూసి ఇడిచిపెట్టిన్రు. శానా హుషారున్నరు."

"అయితే ఇయ్యాల గారెలల్ల పెడ్త. గారెలు చూసినంక ఎవలాగుతరు."

"పెద్దామె ఉన్నది సూడు, గామె సంగతి చూస్తే మిగిలినోళ్లు వాళ్లే పోతరు. గామె పండ్లే పండ్లు శశీ. ఏది కనవడితే అది కొరుకుతున్నది."

"జర మెల్లగ మాట్లాడుండ్రి. వింటరు."

విన్నది. లవంగం నోట్లోంచి జారి దిండుమీద పడింది.

సరిగ్గా అప్పుడే శశికళ పళ్లెం పట్టుకొని వచ్చింది. పళ్లెంలో వేడివేడి గారెలు. "వదినె, మీ పండుకు నొప్పి కావద్దని మెత్తగ చేసిన. తినుండ్రి."

అహల్య లేచి కూర్చుంది. గారెలను చూసింది, మరదలిని చూసింది. "నువ్వు తిను ముందుగాల."

"నాకియ్యాల శనివారం, ఉపాసం వదినె."

"మా తమ్ముడు?"

"ఆయనకు గ్యాసు. గారెలు ముట్టడు. ఇవన్నీ మీకే."

అహల్య పళ్లెం మెల్లగా మంచం కిందికి నెట్టింది. సంచి అందుకుంది.

విజయేందర్ చేతులు దులుపుకుంటూ షెడ్డులోంచి వచ్చేసరికి అక్క గేటు దాటి గల్లీలో ఉంది. చెప్పులు కూడా లేకుండా ఉరికి ముందు నిలబడ్డాడు.

"అక్కా, ఏడికి?"

"చుట్టాన్ని గదరా. మంచిగ సెటిలయిన గదా. ఇంక పోతున్న."

"నువ్వు చుట్టానివేంది అక్కా?"

"అప్పుడు బువ్వ పెట్టకుంట తోలినవు. ఇప్పుడు బువ్వల మందు పెడ్తరా?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా పండ్లు నీకేం జేసినయిరా? నీకు చెరుకు గడలు కొరికి పెట్టిన పండ్లు ఇవి."

అప్పటికి గాని ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంకా పెద్ద చిక్కు. అసలు మాట చెప్పాలంటే ఆ పేరెత్తాలి. గేటు దగ్గర శశికళ వేలు పెదవుల మీద పెట్టుకొని అడ్డంగా తల ఊపుతోంది. మందు కలిపిన గారెలు షెడ్డులో విడిగా అప్పుడే పెట్టింది. పేరు చెవిన పడితే అంతా బూడిదలో పోసినట్టే.

విజయేందర్ సైగలకు దిగాడు. పైపళ్లు బయటపెట్టి టకటక కొరికి చూపించాడు. రెండు వేళ్లు మూతి పక్కన పెట్టి మీసాలు ఆడించాడు. బుగ్గలు ఉబ్బించాడు. అహల్య తన వాచిన దవడ మీద చెయ్యి వేసుకుంది.

"ఎక్కిరిస్తున్నవా?" అంది.

ఎదురింటి అమరేశ్వరరావు బాల్కనీలోకి వచ్చి ఆసక్తిగా చూస్తున్నాడు. అక్క సంచి భుజం మార్చుకొని స్టేషన్ వైపు తిరిగింది. ఆ వీపు చూసేసరికి విజయేందర్‌లో ఏదో తెగింది. ఉస్మాన్‌గంజ్ నియమాలు, పప్పుల దుకాణం, మామగారి మీద మర్యాద, అన్నీ పక్కన పెట్టేశాడు. జన్మలో ఎన్నడూ అంత గట్టిగా అరవలేదు.

"ఎలుకలు అక్కా. షెడ్డుల ఎలుకలు. శశోళ్ల ఇంట్ల ఎలుకలను చుట్టాలంటరు. పెద్దామె అంటే పెద్ద ఎలుక. పండ్లు ఎలుకవి. మందు ఎలుకలకు."

గల్లీ అంతా విన్నది. శశికళ నెత్తి కొట్టుకుంది.

అహల్య వెనక్కి తిరిగింది. "చూపియ్యి," అంది.

ముగ్గురూ షెడ్డులోకి వచ్చారు. విజయేందర్ కారు మూత ఎత్తాడు. ఇంజను పక్కన పేపరు తుంపులు, వైరు ముక్కలు పేర్చి గూడు కట్టుకొని పెద్దామె పడుకొని ఉంది. వెలుతురు పడగానే ఎగిరింది. శశికళ బియ్యం బస్తాలెక్కింది. విజయేందర్ కారులో దూరి తలుపేసుకొని అద్దం కూడా ఎక్కించాడు. అహల్య ఒక్కతే కాలి చెప్పు తీసి, పంటి నొప్పి మరిచి, కూలరు చుట్టూ రెండుసార్లు తరిమి, ఆ పెద్ద ఎలుకను మూలనున్న బొరియ దాకా సాగనంపింది. ఒక్క దెబ్బా తగల్లేదు. అయినా ఆమె గెలిచినట్టే నిలబడింది. తర్వాత కారులో అద్దాల వెనక తెల్లబోయిన తమ్ముణ్ణి చూసి నవ్వింది. నవ్వితే దవడ నొప్పి, ఆపుదామంటే నవ్వు ఆగడం లేదు.

నవ్వు అయిపోయాక తిట్లు మొదలయ్యాయి. ఈ బియ్యం బస్తాలు షెడ్డులో ఎందుకని, ఈ పేపర్లు ఏ దేవుడికి దాచారని, మూలన అంత బొరియ పెట్టుకొని మందు పెడితే ఏం లాభమని. "గాజు పెంకులు కలిపి సిమెంటు కొట్టాలె. ముందుగాల ఇదంత బయట ఎయ్యుండ్రి," అని కొంగు నడుముకు చుట్టింది.

శశికళ బస్తా మీది నుంచి దిగింది. పాపం, మంచికే అంది. "మీకెందుకు వదినె ఈ కష్టం. పంటి నొప్పితోటి వచ్చిన్రు. మీరు చుట్టం లెక్క కూసోండ్రి, మేం చేసుకుంటం."

ఆ మాట బయటపడ్డాక గాని ఏమన్నదో ఆమెకే తెలియలేదు. కారులో విజయేందర్ రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి.

అహల్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"చుట్టాలు గా బొరియల ఉన్నరు," అంది. "నేను ఇంటిదాన్ని. ఓ విజ్జీ, దిగి చీపురు పట్టుకరా."

చీపురు వంటింటి తలుపు వెనకే ఉంటుంది. తేవడానికి మాత్రం విజయేందర్‌కు చాలాసేపు పట్టింది. కళ్లు తుడుచుకోవలసి వచ్చింది. తెచ్చేసరికి, ఇంతసేపు ఎక్కడ చచ్చావని అక్క తిట్టింది.