పక్క కుర్చీ మనిషి

మొఘల్‌పురా ఇంటర్నెట్ సెంటర్లో నా పక్క కుర్చీ అతనిదే. ఓ బంగళాలో చిక్కుముళ్లు విప్పుతూ, తప్పిపోయిన చెల్లెల్ని వెతికే కంప్యూటర్ గేమ్ ఇద్దరం కలిసి ఆడేవాళ్లం. నేను తొందరపడితే మౌస్ మీద నా చేతిని ఆపి, కాస్త ఆలోచించమంటూ "జర సోంచాయించు భాయ్" అనేవాడు. తాళం తెరుచుకుంటే నాకన్నా ఎక్కువ మురిసిపోయేవాడు.

చివరి గదికి చేరిన రోజు, ముగింపు బాగుంటుందా అని సెంటర్ యజమానిని అడిగాను.

"నాకేమెరుక? ఆయన్నడుగు. పోయినేడే ఖతం చేసిండు గద" అన్నాడు యజమాని.

నేను పక్కకు తిరిగి చూశాను.

"నువ్వు సోంచాయిస్తుంటే చూసుడు మంచిగనిపించింది" అన్నాడతను మెల్లగా.

ఇన్నాళ్ల ఆ మురిపెమంతా నటనేనా? మౌస్ వదిలేసి లేచి వచ్చేశాను. ఆ గేమ్ ముగింపు అద్భుతమని ఆడినవాళ్లంతా అంటారు. ఆ చెల్లెలు దొరికిందో లేదో నాకిప్పటికీ తెలియదు.