జర్మనీ అక్క ర్యాంకు

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో నా చిన్నప్పుడు ఏటా ఒక చిన్న టెన్నిస్ టోర్నమెంటు జరిగేది. హోటల్ ఖర్చు భరించలేని ఆటగాళ్లను ఊళ్లోవాళ్లే తమ ఇళ్లలో ఉంచుకునేవారు. నేను టెన్నిస్ నేర్చుకుంటున్నానని మా అమ్మ ఒక ఏడాది ఒక జర్మనీ అమ్మాయికి మా ముందుగది ఇచ్చింది. నేనామెను అక్కా అని పిలిచేదాన్ని. ఆ మాటకు అర్థం చెప్పాక తెగ మురిసిపోయింది.

వచ్చినరోజు భోజనాల దగ్గరే చెప్పేసింది, మోకాలి ఆపరేషనయ్యాక ఆట సాగడం లేదని, ఇక్కడ మొదటి రౌండు దాటకపోతే ఇక మానేస్తానని. చిన్నతనం నుంచీ ఆమెకు వేరే పని తెలియదు. మొదటి రౌండులోనే ఓడిపోయింది. మోకాలు పట్టుకుని కోర్టు అంచున కూర్చుంటే నాకు ఏడుపు ఆగలేదు.

మా అమ్మది ఇంకో ఇరకాటం. ఇంటర్నేషనల్ ప్లేయర్ మా ఇంట్లో ఉందని ఊళ్లోని తెలుగువాళ్లందరినీ ముందుగానే ఆరోజు మధ్యాహ్న భోజనానికి పిలిచేసింది. రమ్మన్నవాళ్లను వద్దంటానంటే అక్కే ఒప్పుకోలేదు.

పులిహోర తింటూ ఒక అంకుల్ ఆమె ర్యాంకెంతని అడిగారు. మనవాళ్లు అడక్కుండా ఉంటారా? ఎనిమిది వందల పైచిలుకని తలవంచుకుని చెప్పింది. అంకుల్ పళ్లెం పక్కన పెట్టేశారు.

"వరల్డ్ మొత్తమ్మీదా! మావాడికి ఎంసెట్‌లో ఆ ర్యాంకొచ్చుంటే స్ట్రీట్ అంతా స్వీట్లు పంచేవాణ్ణి. ఎవ్రీబడీ, క్లాప్స్!"

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. టెన్నిస్‌లో ఆ ర్యాంకుకు విమానం ఖర్చులు కూడా రావని నాకు తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను. అక్క కళ్లనిండా నీళ్లు. అంకుల్‌కి అసలు సంగతి చెప్పబోతుంటే నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లింది. ఆయనకు చెప్పొద్దంది. ఆ నెంబరు విన్నవాళ్లంతా, కన్నతండ్రితో సహా, ఇంకా ఎందుకు ఆడుతున్నావనే అడిగారట. సంతోషపడింది ఈయనొక్కరేనట.

ఆ సాయంత్రం పెరట్లోంచి తండ్రికి ఫోన్ చేసింది. జర్మన్‌లో ఏవో నాలుగు మాటలు చెప్పి పెట్టేసింది. మర్నాడు వెళ్లిపోయింది. తర్వాత ఏమైందో నాకు తెలియదు.

పోయినేడు మా అమ్మాయి, ఏళ్లతరబడి నేర్చుకున్న వయొలిన్ పక్కనబెట్టి, "ఐ యామ్ డన్, అమ్మా" అంది. కోపమొచ్చింది. అయినా ఎందుకని అడగలేదు. ఇంతవరకూ నేర్చుకున్నది ఒక్కసారి వినిపించమన్నాను. తడబడుతూనే చివరిదాకా వాయించింది. నాకు దిగులుగానే ఉంది. లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.