మూడో సంపుటం నా దగ్గరే ఉంది

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూడబోతే పెద్దదేమీ కాదు. ఇంట్లో ఉన్న పుస్తకాన్ని లేదన్నాను, అంతే. అంతేనా? అంతే అయితే ఇన్నాళ్ళూ లోపల ఎందుకు నలుగుతోంది? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే, పైకి ఏమన్నా లోపల ఏమనుకుంటున్నారో అని మళ్ళీ వాళ్ళ మొహాల్లో వెతుక్కుంటూ కూర్చుంటాను.

నేను అనుమానపు మనిషిని. పాలవాడు నీళ్ళు కలిపాడేమో, ఆటో అతను చుట్టూ తిప్పుతున్నాడేమో, స్టాఫ్ రూములో అడుగు పెట్టగానే మాటలు ఆగాయంటే నా గురించేనేమో. మా ఆయన దీన్ని జబ్బు అంటారు. నేను జాగ్రత్త అనేదాన్ని.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో హిందీ చెప్పేదాన్ని. మాది గుంటూరు వైపు, వనస్థలిపురంలో స్థిరపడ్డాం. హిందీలో బాగా పేరున్న కవి ఒకాయన, పేరు ఎందుకులెండి, ఆయన కవితలన్నీ కలిపి వేసిన సంపుటాలు అయిదూ నా దగ్గర ఉన్నాయి. అట్టలు వేసి బీరువాలో చీరల పక్కన దాచుకున్నాను. స్కూల్లో ఎవరికి ఆయన కవిత కావాలన్నా నన్నే అడిగేవారు. ఆ కవి విషయంలో నేను చెప్పిందే వేదం. దాని మీద నాకెంత గర్వమో మీరే ఊహించుకోండి.

అప్పుడు సువర్ణ వచ్చింది. అసలు పేరు అది కాదు. నల్లగొండ దగ్గర పల్లె, తండ్రి కల్లు గీసేవాడు. సరూర్‌నగర్‌లో అక్క ఇంట్లో ఉంటూ, హిందీ పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టి టీచరైంది. ఆమె మాట్లాడేది సిటీ బస్సుల్లో వినిపించే హిందీ. క్లాసులో అది వినబడితే నేను లోపల నవ్వుకునేదాన్ని.

ఆ ఏడాది హిందీ దినోత్సవానికి టీచర్లందరూ తలా ఒక కవిత రాసి చదవాలన్నారు. మేమంతా దేశం, భాష అంటూ నాలుగు మాటలు అల్లుకొచ్చాం. సువర్ణ తండ్రి మీద రాసింది. కూతురు చదువుకోసం పట్నం బస్సెక్కుతుంది. బస్సు మలుపు తిరగగానే దారిలో నిలబడ్డవాళ్ళకు కనిపించకుండా పోతుంది. తాటిచెట్టు మీదున్న తండ్రికి మాత్రం ఇంకా కనిపిస్తూ ఉంటుంది. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయాక కూడా ఆయన ఆమెను సాగనంపుతూనే ఉంటాడు. అంతే కవిత. హెడ్‌మిస్ట్రెస్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. స్కూలు పత్రికలో మొదటి పేజీలో వేద్దామన్నారు.

నాకు కడుపు మండింది. అసూయ అని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు నేను దానికి పెట్టుకున్న పేరు అనుమానం. సరిగ్గా మాట పలకడం రాని ఈ పిల్లకు ఇంత కవిత ఎక్కడి నుంచి వస్తుంది?

ఎక్కడో చదివినట్టుందండీ అన్నాను హెడ్‌మిస్ట్రెస్‌తో. ఎక్కడ అని ఆవిడ అడిగారు. గుర్తులేదని ఊరుకుంటే సరిపోయేది. ఆ కవి సంపుటాల్లోదే అనుకుంటానన్నాను. ఆ క్షణంలో నిజంగా అనుమానించానా, లేక అనుమానించాలని కోరుకున్నానా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా తేలడం లేదు.

ఆదివారం అయిదు సంపుటాలూ మంచం మీద పరిచి ప్రతి పేజీ తిప్పాను. వంట కూడా చేయలేదు, మా ఆయన కర్రీ పాయింటు నుంచి తెచ్చారు. తాటిచెట్టు లేదు. బస్సు లేదు. ఎక్కడో ఉత్తరాదిన పుట్టిన ఆ కవికి నల్లగొండ కల్లుగీత ఎందుకు తడుతుంది? ఆ సంగతి నాకు పుస్తకం తెరవకముందే తెలుసు. అయినా దొరకాలనే వెతికాను.

సోమవారం ఒక్క మాట అంటే సరిపోయేది, పొరపడ్డానని. హెడ్‌మిస్ట్రెస్ పుస్తకం తెచ్చారా అన్నారు. మూడో సంపుటంలో ఉందండీ, అది ఎవరికో ఇస్తే తిరిగి రాలేదు అన్నాను. నోటికి ఎలా వచ్చిందో. ఎలా రావడమేమిటి, ఎల్‌బీ నగర్ సిగ్నల్ దగ్గర బస్సు ఆగినప్పుడు కూర్చుకున్న మాటే అది. ఆవిడ నమ్మారు. సంపుటాలున్న మనిషిని నమ్మక ఇంకెవరిని నమ్ముతారు? పత్రిక నుంచి కవిత తీసేశారు. సాయంత్రానికి విషయం అందరికీ తెలిసింది.

మర్నాడు నేను పిల్లల కాపీలు దిద్దుతుంటే సువర్ణ వచ్చి పక్కన నిలబడింది.

"మేడం, నేను సూసి రాయలె."

నేను తలెత్తలేదు. "నేనేమీ అనలేదమ్మా. గుర్తొచ్చింది చెప్పాను."

"మా నాయిన నిజంగనే చెట్టు మీదికెల్లి సూసిండు. గా ముచ్చట ఆయనే చెప్పిండు నాకు." నేను దిద్దుతున్న కాపీ వైపు చూసింది. "కానీ మీరు అంటున్నరంటే ఉండొచ్చు మేడం. చిన్నప్పటి సంది ఆయన కవితలే సదివిన. యాడనో సదివి మర్చిపోయిన్నేమో. నా మీద నాకే అనుమానమైతుంది."

"అలా జరుగుతుంటుందిలే."

"ఆ పుస్తకం దొరికితే జర చెప్పుండ్రి. ఏ పేజీల ఉందో సూసుకుంటా."

"దొరికితే చెబుతానమ్మా."

ఆమె నా మీద అరిచి ఉంటే బాగుండేది. నేనూ అరిచేదాన్ని, ఇద్దరం శత్రువులమయ్యేవాళ్ళం, దానికో పద్ధతి ఉంటుంది. కానీ ఆమె నన్ను నమ్మింది. సొంత తండ్రి చెప్పిన మాటను కూడా పక్కన పెట్టి నా మాట నమ్మింది. నా జబ్బును తీసుకెళ్ళి ఆమెకు అంటించాను. పరీక్షలయ్యాక ఆమెను మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోలేదు. కారణం ఇదేనని ఎవరూ అనలేదు. వేరే కారణమూ చెప్పలేదు.

మొన్న ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల దగ్గర కనిపించింది. కర్మన్‌ఘాట్‌లో ఉంటూ ట్యూషన్లు చెబుతోందట. తండ్రి పోయాడట. నా చేతులు పట్టుకుని ఆప్యాయంగా పలకరించింది. రాస్తున్నావా అని అడిగాను, ఎందుకు అడిగానో తెలియదు. భయమైతది మేడం, ఏ మాట నాదో ఏ మాట సదివిందో తెలుస్తలేదు అంది. తర్వాత నవ్వి, మూడో సంపుటం తిరిగొచ్చిందా అని అడిగింది.

ఆ నవ్వు నన్ను నిద్రపోనివ్వడం లేదు. తెలిసే అడిగిందా? ఇన్నేళ్ళలో ఏదో ఒక లైబ్రరీలో ఆ సంపుటం తిరగేసి, లేదని తేల్చుకుని, నా నోటితోనే చెప్పించాలని చూసిందా? లేక నిజంగానే ఇంకా నన్ను నమ్ముతోందా? మొదటిదే నిజమవ్వాలని కోరుకుంటున్నాను. రెండోదైతే నేను తట్టుకోలేను. ఇంకా రాలేదమ్మా అన్నాను. మళ్ళీ అదే అబద్ధం. దొరికితే ఫోన్ చేయమని నంబరు ఇచ్చింది.

చేయలేదు. మీకు ఇదంతా చెప్పడం కూడా ఆమెకు చెప్పకుండా తప్పించుకునే ఎత్తేమోనని నా మీద నాకు అనుమానం. అయి ఉండొచ్చు. నన్ను మంచిదాన్ననుకోకండి.

ఆ కవిత మూడో సంపుటంలో లేదు. ఏ సంపుటంలోనూ లేదు. చెట్టు మీద నుంచి ఆ బస్సును చూసింది సువర్ణ తండ్రి, రాసింది సువర్ణ. ఇన్నేళ్ళకు ఇంత మాత్రం రాయగలిగాను. నాకు కాస్త ఊపిరి ఆడుతోంది. ఆమె మాత్రం ఇంకా ఎక్కడో ఆ పేజీ కోసం వెతుకుతూనే ఉండి ఉంటుంది.