ఐదో నంబరు బావి ఒరిగినప్పుడు

నలభై రెండేళ్ల వయసులో నాకు ఒక వంతెన అప్పజెప్పేరు. డెబ్భైల చివరి మాట. గోదావరి పాయకి ఇటు అమలాపురం రోడ్డు, అటు రాజోలు రోడ్డు, మధ్యలో జనాన్ని దాటించే బల్లకట్టు లాంటి పంటు. బస్సు రేవు దాకా వచ్చి ఆగిపోయేది. జనం మూటలతో దిగి, పంటెక్కి, అవతల గట్టున ఇంకో బస్సు కోసం ఎండలో నిలబడేవారు. వరదొస్తే పంటు కట్టేసేవారు. అప్పుడు ఎక్కడివాళ్లు అక్కడే.

మాదీ ఆ పక్క ఊరే. మా అమ్మా నాన్నా ఊడ్పులకీ కోతలకీ వెళ్లి నన్ను మిషన్ స్కూల్లో చదివించేరు. మా ఊళ్లో మొదటి ఇంజనీర్ని నేనే. నేను పెద్ద ఇంజనీర్నై ఈ పని మీదికి వచ్చేనని తెలిసి మా పాస్టరు గారు ఆదివారం ఆరాధనలో వంతెన కోసం ప్రార్థన కూడా చేసేరు. ఆ ప్రార్థన విని నాకు సంతోషం కన్నా బెంగే ఎక్కువ కలిగింది. తప్పు జరిగితే మొహం దాచుకోవడానికి చోటుండదు.

నదిలో స్తంభం నిలబెట్టాలంటే ముందు బావి దింపాలి. ఒడ్డున కనిపించే నీళ్ల బావి కాదు. ఇల్లంత వెడల్పున్న కాంక్రీటు గొట్టం అనుకోండి. దాన్ని నది ఇసుకలో నిలబెట్టి, లోపలి ఇసుకని క్రేను తొట్టెతో తోడుతూ ఉంటే అది తన బరువుకి తనే కిందికి దిగుతుంది. గట్టి నేల తగిలేక అడుగున కాంక్రీటు పోసి మూసేస్తారు. అలా మూసేక ఏ వరదా దాన్ని కదపలేదు. మూయకముందు మాత్రం నమ్మకం లేదు.

మే నెలలో మా ఐదో నంబరు బావి ఒరిగింది. ముందు నాలుగూ నిటారుగా దిగేయి. ఇది ఎగువ వైపు ఎక్కడో ఆగిపోయి, దిగువ వైపు మాత్రం దిగుతోంది. సాయంత్రం కొలతలు తీసిన అసిస్టెంటు ఇంజనీరు కాగితం పట్టుకుని వచ్చేడు. కాలేజీ నుంచి వచ్చి మూడేళ్లయిన మనిషి, పనిమంతుడు.

"సార్, ఇవాళ్టికి రిజిస్టర్లో రాయకుండా ఉంచుదామాండీ? రేపు ఇంకాస్త తోడితే సర్దుకుంటుందేమో."

రాయమని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. "రేపు చూద్దాం" అన్నాను. మర్నాడు ఉదయం తోడించేను. మధ్యాహ్నానికి వాలు రెట్టింపైంది. పని ఆపించి, గట్టు మీది రేకుల షెడ్డులో కూర్చుని, రెండు రోజుల కొలతలూ ఒకేసారి నా చేత్తోనే రాసి, పై ఆఫీసరు గారికి కబురు పంపేను.

ఆయన మూడో రోజు జీపులో వచ్చేరు. రిటైరవడానికి ఏడాదుంది ఆయనకి. రిజిస్టరు చదివి, కళ్లజోడు తీసి నా వైపు చూసేరు.

"మొన్నటిది నిన్న రాసేవేం?"

"భయపడ్డానండీ."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ భయంగానే ఉందండీ."

ఆయన రిజిస్టరు మూసి నా చేతికిచ్చేరు. నన్ను ఆ పని నుంచి తీసేస్తారనే అనుకున్నాను. "రాసేవు కదా, చాలు" అన్నారు. "కింద ఏముందో తెలిసేదాకా తొట్టె దింపకు. ఎర్రనీరు వచ్చేలోగా బావి మూసెయ్యాలి. ఎవరితో చేయించుకుంటావో నీ ఇష్టం, నేనడగను."

ఎగువన వానలు పడితే గోదావరికి ఎర్రనీరు వస్తుంది. అప్పటికి నెలన్నర ఉంది. నీళ్లలో మునిగి పనిచేసే సర్కారు డైవరు కోసం రాస్తే వేరే ప్రాజెక్టులో ఉన్నాడు, నెల పడుతుందన్నారు. అప్పుడు మా పంటు నడిపే సరంగు చెప్పేడు, ఐ.పోలవరం అవతల ఏరు సముద్రంలో కలిసే మొగలో మునిగిన పడవలు పైకి తీసే మనిషి ఒకడున్నాడని.

ఆ మనిషి భార్యని వెంటబెట్టుకుని వచ్చేడు. యాభై ఏళ్లుంటాయి. పొట్టిగా, వెడల్పాటి ఛాతీతో, చాలా తక్కువ మాట్లాడేవాడు. మొదటిసారి బావి లోపలి నీళ్లలోకి ఉత్త ఊపిరి బిగబట్టే దిగేడు. రెండు మునకలు వేసి పైకొచ్చి, బావి అంచు పట్టుకుని మొహం తుడుచుకున్నాడు.

"కింద ఉన్నది రాయా?" అన్నాను.

"కాదండీ. పడవండీ. మేకులు తగులుతున్నాయి."

ఎప్పుడో మునిగి ఇసుకలో కూరుకుపోయిన పాత నావ. దాని అడుగు దుంగ మీద మా బావి అంచు ఎక్కి కూర్చుంది. దుంగని కోసి తీస్తే తప్ప బావి దిగదు. కోస్తుండగా బావి ఒక్కసారి జారితే కింద ఉన్న మనిషి మరి పైకి రాడు. ఇది అతనికి దాచకుండా చెప్పేను. అతను భార్య వైపు చూసేడు. ఆవిడే మాట్లాడింది.

"జారకుండా ఏం చేస్తారండీ తమరు?"

చెప్పేను. ఒరిగిన వైపు లోపల దుంగలు పేర్చి ఆనిక పెడతామనీ, ఆఖరి ముక్క అతని చేత కోయించకుండా ఇనప తాడు కట్టించి, అతను పైకొచ్చేక క్రేనుతో లాగుతామనీ. ఆవిడ శ్రద్ధగా విని, "ఆయ్, అయితే ఆయన నడుం తాడు నా చేతికే ఇవ్వండి" అంది.

కాకినాడ నుంచి గాలి గొట్టం ఉన్న ఇత్తడి టోపీ తెప్పించేం. పైన ఇద్దరు మనుషులు పంపు కొట్టాలి. అతని నడుముకి కట్టిన తాడు కొస పైనున్నవాళ్లు పట్టుకోవాలి. ఒకసారి లాగితే బాగున్నానని, మూడుసార్లు లాగితే పైకి తియ్యమని. ఆ తాడు మా మనిషి పట్టుకోవాలని రూలు. నేను రూలు పక్కన పెట్టేను. ఆవిడ బావి అంచున గోనె పరుచుకుని, కాళ్లు మడిచి కూర్చుని, తాడుని రెండు చేతుల్లో వదులుగా పట్టుకునేది. ఎవరు పలకరించినా తాడు మీంచి చూపు తిప్పేది కాదు.

సముద్రపు పోటూ పాటూ లేక నీళ్లు నిలకడగా ఉండే కాసేపు చూసుకుని రోజుకి రెండుసార్లు దిగేవాడు. చీకట్లో తడుముకుంటూ ఉలితో, రంపంతో. ఎనిమిదో రోజు దుంగ ముప్పాతిక తెగింది. తొమ్మిదో రోజు ఇనప తాడు కట్టడానికి దిగేడు.

కాసేపయ్యేక ఆవిడ తాడు ఒకసారి లాగింది. జవాబు లేదు. మళ్లీ లాగింది. తాడు వదులుగా పైకి వచ్చేస్తోంది. ఆవిడ కొస దాకా లాగేసింది. తాడు చివర మనిషి లేడు.

పంపు కొట్టేవాళ్లు ఆగబోయేరు. "కొట్టండి, ఆపకండి" అని ఆవిడ నెమ్మదిగా, గట్టిగా చెప్పింది. గాలి గొట్టం మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. "కదుల్తున్నాడండీ. గొట్టం ఆడుతోంది." ఇంకో డైవరు లేడు, దింపడానికి. నేను మా దేవుణ్ణి ఏ మాటలతో అడిగేనో గుర్తు లేదు. నా మాట మీదే ఆ మనిషి కిందికి దిగేడన్నది మాత్రం తలలో తిరుగుతూనే ఉంది.

అయిదు నిమిషాలో పదో. నీళ్లలో బుడగలు పెరిగేయి. ఇత్తడి టోపీ తేలింది. నిచ్చెన మీదికి లాగి టోపీ తీసేక అతను చెప్పిన మొదటి మాట, "తాడు మేక్కి పట్టేసిందండీ. కోసుకున్నాను. ఇనప తాడు కట్టేసేను."

ఆవిడ పమిట కొంగుతో అతని తల తుడిచి, ఆ తర్వాత ఏటి వైపు తిరిగి ఏడిచింది. మా అసిస్టెంటు కూడా అటు తిరిగేడు. నేను చెక్కల మీద అలాగే చతికిలబడిపోయేను. ఒంట్లోంచి పెద్ద బరువేదో జారిపోతుంటే అంత హాయి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ మధ్యాహ్నం క్రేను లాగితే నల్లటి దుంగ ముక్క పైకొచ్చింది. ఎగువ వైపు ఇసుక మూటలు పేర్చి నాలుగు రోజులు జాగ్రత్తగా తోడించేను. బావి అంగుళం అంగుళం దిగి నిటారైంది. మా అసిస్టెంటు కొలతలు రెండోసారీ తీసి, మూడోసారీ తీసి, నవ్వుతూ కాగితం నా చేతికిచ్చేడు. అడుగున కాంక్రీటు పోసి మూసిన వారానికి ఎర్రనీరు వచ్చింది. రేవులో నిలబడి చూసేను. వరద బావి చుట్టూ సుడి తిరిగి తన దారిన పోయింది.

వంతెన తయారవడానికి ఇంకా అయిదేళ్లు పట్టింది. మంత్రి గారు రిబ్బను కత్తిరించిన రోజున నేను కుర్చీల ఏర్పాట్లలో ఉండి ఏమీ చూడలేదు. మర్నాడు ఉదయం ఎవరికీ చెప్పకుండా టిక్కెట్టు కొనుక్కుని అమలాపురంలో మామూలు బస్సెక్కేను. చోటు లేక నిలబడ్డాను. నా పక్క సీట్లో ఒకావిడ ఒళ్లో కూరగాయల సంచితో, కిటికీకి తలానించి కునుకు తీస్తోంది. బస్సు వంతెన ఎక్కింది. కింద నీళ్లు మెరిసేయి. ఐదో స్తంభం ఎక్కడొస్తుందో నాకు తెలుసు కాబట్టి పైకడ్డీ గట్టిగా పట్టుకున్నాను. బస్సు ఏ కుదుపూ లేకుండా దాటేసింది. ఆవిడ కళ్లు తెరవలేదు. ఆవిడని చూస్తూ అవతలి గట్టు దాకా వెళ్లేను. ఎవరూ ఏమీ గమనించకుండా దాటిపోవడం కన్నా నాకు ఇంకేం కావాలనిపించింది.