జీపు మెత్తబడిన వైనం

మా ఆయన పాత జీపు కొన్నప్పుడు అడవులూ గుట్టలూ తిరగడానికి అన్నాడు. కొన్నాక అది ఎక్కిన పెద్ద గుట్ట, మా వీధి చివర పైపుల కోసం తవ్వి పోసిన మట్టికుప్ప. ఆయన నాచారంలోనే ఒక కంపెనీలో సూపర్‌వైజరు. నేనూ ఉద్యోగానికి పోతాను. ఇద్దరికీ ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఆదివారం పొద్దున్నే చాప తీసుకుని జీపు కింద పడుకుంటాడు. బండిని అడవికి తయారుచేయడంతోనే సరిపోతుంది, ఇక అడవికి పోయే తీరిక ఎక్కడిది.

అలాంటి జీపుకు చివరికి ఒక పని దొరికింది. మా అత్తమ్మ స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. నడక వచ్చింది గానీ కుదుపు పడదు. ఆమె చెల్లెలు చిల్కానగర్‌లో ఉంటుంది. ఆదివారం ఆదివారం అక్కడికి పోయి, లోకంలో అందరి సంగతులూ మాట్లాడుకుని, దీపాలు పెట్టే వేళకు తిరిగి రావడం అత్తమ్మకు అలవాటు. ఆపరేషన్ తర్వాత ఆటో ఎక్కితే నాచారం దాటేలోపే కళ్లనీళ్లు పెట్టుకునేది. పోవడం మానేసింది. మానేశాక తిండి తగ్గింది, మాట తగ్గింది. నాతో పోట్లాట కూడా తగ్గింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

"ఫికర్ జెయ్యకమ్మా, నీ కోసం జీపును మెత్తగ జేస్త. పల్లకిల కూసున్నట్టు పోతవ్ సూడు," అన్నాడు మా ఆయన.

కంపెనీలో ఆయన దోస్తు కిట్టు వేయించమని చెప్పాడట. చక్రాల మీద విల్లులా వంగి ఉండే ఇనుప కమాన్ పట్టీలు, షాక్ అబ్జార్బర్లు, రబ్బరు బుష్షులు, బోల్టులు అన్నీ ఒకదానికొకటి కుదిరేలా ఒకే పెట్టెలో వస్తాయట. మా ఆయనకు అది నచ్చలేదు. "కిట్టంటే ఎవడో వండిపెడితె తినుడే. ఒక్కొక్క ముక్క ఏరి తెచ్చి బిగిస్తెనే మజా," అన్నాడు. అన్నం వార్చడం కూడా రాని మనిషికి వంటతో పోలిక ఎలా తట్టిందో నేను అడగలేదు.

ముందు ఉప్పల్‌లో ఒక షెడ్డు నుంచి కమాన్ పట్టీలు వచ్చాయి. బరువులు మోసే బండ్లవట, చాలా గట్టివట. మెత్తగా కావాల్సిన బండికి గట్టివి ఎందుకని అడిగితే "నీకు సమజ్ కాదు" అన్నాడు. షాక్ అబ్జార్బర్లు మల్కాజిగిరిలో ఎవరో తన బండి నుంచి పీకేసినవి. ఆ మనిషి ఎందుకు పీకేసి ఉంటాడని ఆలోచించాల్సిన అవసరం మా ఆయనకు కనిపించలేదు. బుష్షులు ఇంకెక్కడివో. మా అమ్మమ్మ చిరిగిన చీరలతో బొంత కుట్టేది. దానికీ ఇంతకంటే పొంతన ఉండేది.

ఒక్కో ముక్క బిగించినప్పుడల్లా జీపు కాస్త పైకి లేచేది. అన్నీ అయ్యేసరికి వీధిలోకెల్లా ఎత్తయిన బండి మాదే. మా ఆయన రోడ్డుకు అటువైపు నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, దాన్నే చూసుకుని మురిసిపోయాడు. ఎత్తు అడిగిందెవరు?

ఆ ఆదివారం కుర్చీ వేసి, ఇద్దరం చెరోపక్క పట్టుకుని అత్తమ్మను ఎక్కించాం. ముగ్గురం బయలుదేరాం. మొదటి గుంతకే జీపు మేకపిల్లలా ఎగిరింది. రెండోదానికి అత్తమ్మ నా చెయ్యి పట్టుకున్న పట్టుకు గాజు పగిలింది. తుంటి నొప్పికి ఈ ఎగురుడు తోడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆయన మాత్రం వెనక్కి తిరక్కుండానే "రోడ్డు మీద పట్టు మస్తున్నది గదా?" అని అడిగాడు.

"ఆపు బిడ్డా," అంది అత్తమ్మ. "నన్ను ఇంటికాడ దించు. నేనింక యాడికి పోను."

ఆ మాట కోపంగా అని ఉంటే బాగుండేది. మెల్లగా అంది. ఇంటికొచ్చాక మా ఆయనతో నేనన్న మాటలు ఇక్కడ రాయను. రాస్తే వాళ్ల వంశమంతా నొచ్చుకుంటుంది.

కొన్నాళ్లకు చెల్లెలికి జ్వరమని ఫోన్ వచ్చింది. బొక్కలు విరిగినా సరే పోవాల్సిందేనంది అత్తమ్మ. బయలుదేరేసరికి వాన మొదలైంది. బస్టాపులో మా వీధి ఆడవాళ్లు సంచులు నెత్తిమీద పెట్టుకుని తడుస్తున్నారు. ఉప్పల్ కూరగాయల అంగడికి పోవాలి, బస్సు జాడ లేదు.

"ఎక్కించుకో," అంది అత్తమ్మ.

"అమ్మా, ఇది జీపు. షేర్ ఆటో గాదు."

"ఎక్కించుకోమన్న గద."

ఎక్కించుకున్నాడు. వెనక సందు లేకుండా సర్దుకుని కూర్చున్నారు. వాన నీళ్లు నిండిన పెద్ద గుంత దగ్గరికి రాగానే నేను కళ్లు మూసుకున్నాను. జీపు నెమ్మదిగా కిందికి దిగి, నెమ్మదిగా పైకి లేచింది.

"ఏందిరా, గుంత రాలే?" అంది అత్తమ్మ.

"వచ్చింది, పోయింది గుడ," అన్నాడు మా ఆయన. తర్వాత గొంతు సవరించుకుని పాఠం చెప్పాడు. "బరువు మోసే పట్టీలు గదమ్మా, బరువు పడితెనే ఒంగుతయి. ఖాళీగుంటె ఎగురుతయి." ఈ సంగతి పట్టీలు బిగించకముందు ఎందుకు గుర్తురాలేదని నేను అడగలేదు. వెనక అంతమంది ఉన్నారు, మొగుడి పరువు కాస్తయినా మిగలాలి కదా.

అప్పటి నుంచి పెత్తనం అత్తమ్మ చేతికి పోయింది. శనివారం సాయంత్రం గేటు దగ్గర కుర్చీ వేయించుకుని, దారిన పోయే ఆడవాళ్లను మర్నాడు అంగడికి జీపులో రమ్మని పిలిచేది. సన్నగా ఉన్నవాళ్లు వస్తామంటే మొహం చిట్లించేది. "నువ్ గాలికే కొట్టుకపోతవ్. మీ వదినెను గుడ తీస్కరా," అనేది. కాస్త ఒళ్లున్న పక్కింటామెకు మాత్రం మంచి మర్యాద, ఆమె వచ్చేదాకా బండి కదలకూడదు. గుట్టలెక్కాల్సిన మా ఆయన ఖాళీ సంచుల మధ్య ఉప్పల్ దాకా డ్రైవరుగా పోయేవాడు, సాయంత్రం వాళ్లనే ఎక్కించుకుని కొత్తిమీర కట్టల మధ్య తిరిగొచ్చేవాడు. అంగడి దగ్గర ఒకామె "అన్నా, జర ముందుకు ఆపు" అన్నప్పుడు ఆయన మొహం చూడాల్సింది. వాళ్లు దిగిపోయాక చిల్కానగర్ దాకా ఉన్న కాస్త దూరం అత్తమ్మ పళ్ల బిగువున ఓర్చుకునేది. ఇంట్లో మళ్లీ అన్నం అడిగి వేయించుకుంది. నా పప్పుచారు పశువులు కూడా తాగవంది. నాకు పండగలా అనిపించింది.

ఇదంతా మా ఆయనకు నామోషీగా ఉంది. చెప్పాపెట్టకుండా దోస్తు చెప్పిన ఆ కిట్టే తెప్పించాడు. పెట్టెను హాల్లో పెట్టి తల్లిని పిలిచాడు.

"వచ్చే ఆదివారం షెడ్డుల బిగిస్తరమ్మా. ఇగ ఎవ్వల్ని బతిమాలే పని లేదు. నువ్వొక్కదానివే కూసున్నా మెత్తగ పోతది."

"ఒక్కదాన్నేనా?"

"ఒక్కదానివే. రాణి లెక్క."

అత్తమ్మ పెట్టె వైపు చూసింది. "పొద్దుగాల మీరిద్దరు పనికి పోతరు. పొద్దుమూకె దాక ఇంట్ల ఒక్కదాన్నే ఉంటున్న గద బిడ్డా," అంది. "బండ్ల గుడ ఒక్కదాన్నేనా?"

కమాన్ పట్టీల గురించి అడక్కపోయినా గంటసేపు చెప్పే మనిషి, పెట్టె వదిలేసి తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఆమె తుంటినే చూశాం ఇద్దరమూ. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

నేను పెట్టెకు ఒకవైపు పట్టుకున్నాను. ఆయన లేచి రెండోవైపు పట్టుకున్నాడు. బరువు చాలానే ఉంది. మెట్ల కిందికి జరిపి పైన పాత దుప్పటి కప్పేశాం.