పటంలో లేని ఊట

అమెరికాలోని నెవాడా ఉత్తరాన, ఉప్పు పేరిన బీడు అవతల, మా పొరుగు పశువుల రాంచ్ ఆర్విల్ పెట్టిట్‌ది. పొరుగంటే గుర్రం మీద అరపూట. మా సీమలో ఇంటి గుట్టు చెప్పేవాడైనా ఊట గుట్టు మాత్రం చెప్పడు. చెబితే తెల్లారేసరికి పక్కవాడి పశువులు అక్కడుంటాయి.

పంతొమ్మిది వందల ముప్పైల కరువులో సర్వేవాళ్ళు మ్యాపు గీయడానికి వచ్చారు. పాముల లోయలో ఆర్విల్‌కు ఒక ఊట ఉండేది. దాన్ని కంపతో కప్పేసి, "అందులో పాములు తప్ప ఏమీ లేవు బాబూ, ఆపైన మీ ఇష్టం" అన్నాడు. వాళ్ళు గట్టు మీంచే చూసి వెళ్ళిపోయారు. మ్యాపు అచ్చయి వచ్చాక గోడకు తగిలించి తెగ మురిసిపోయాడు. ఎందుకో మాకు అప్పుడు తెలియదు.

రెండేళ్ళకు, ఆర్విల్ పశువులను రైలెక్కించడానికి తోలుకెళ్ళిన రోజుల్లో, అతని తమ్ముడు డోయల్ గుర్రం ఒంటరిగా ఇంటికొచ్చింది. పడ్డవాడు నీళ్ళ దగ్గరికే పాకుతాడని, మ్యాపులో నీలి గుర్తున్న చోటల్లా గాలించాం. మ్యాపులో పాముల లోయ ఖాళీగా ఉంది కాబట్టి అటు ఎవరూ పోలేదు. ఆర్విల్ తిరిగొచ్చి నేరుగా అక్కడికే వెళ్ళాడు. డోయల్ ఊట పక్కనే ఉన్నాడు, కాలు విరిగి. టోపీలో నీళ్ళున్నాయి. ఒళ్ళు ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

పాతిపెట్టాక ఆర్విల్ పెన్సిల్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. తన దాంట్లోనూ, అందరి మ్యాపుల్లోనూ ఆ లోయలో ఒక సున్న చుట్టాడు. నాలుగు దులిపేద్దామనే అనుకున్నాను. చివరికి మా మ్యాపు తెచ్చి అతని ముందు పరిచాను.

చాలా ఏళ్ళకు సర్వేవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి ఆర్విలే ముందు నడిచి తీసుకెళ్ళాడు. ఊట ఎండిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని తవ్వితే పొడి మట్టే వచ్చింది.

"పెద్దాయనా, లేని నీళ్ళు నేనెలా గీయను?" అన్నాడు సర్వేయరు.

"వద్దు బాబూ. ఒకసారి అబద్ధం చెప్పింది చాలు" అన్నాడు ఆర్విల్.

మర్నాడు రబ్బరు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ఉండనీ ఆర్విల్, డోయల్ గుర్తుగా ఉంటుంది" అన్నాను.

"దాహంతో ఎవడైనా దీన్ని నమ్మి పోతే, ఐడా?"

కాగితం పల్చబడేదాకా చెరిపాడు. నాకు ఏడుపొచ్చింది.

"మరి మీ గోడ మీదిది చెరిపావా?"

"లేదు. దాన్ని నమ్మి అక్కడికి పోయేది నేనొక్కణ్ణేగా."