గడ్డిలోకి వెళ్లిన కుందేలు

మా ఆయన పశువుల డాక్టరు. ఈశాన్యంలో ఒక జూలో చాలాకాలం పనిచేశారు. అక్కడి కొండల కింద, ఏనుగెత్తు గడ్డిలో మాత్రమే బతికే ఒక అడవి కుందేలు జాతి అంతరించిపోతోంది. వాటిని జూలో పిల్లలు పెట్టించి తిరిగి గడ్డిలోకి వదలడం ఆయన పని. మన చేలల్లో దూకే చెవులపిల్లిలా ఉండదది. పొట్టి చెవులు, ముతక బొచ్చు. మహా పిరికిది. గేటు చప్పుడుకే గుండాగి చచ్చినవి ఉన్నాయి.

ఒక కాన్పులో తల్లి మూడు పిల్లల్నీ వదిలేసింది. రెండు పోయాయి. మిగిలినదాన్ని ఆయన అట్టపెట్టెలో మా క్వార్టర్‌కి తెచ్చారు. నా అరచేతిలో పట్టేది. డ్రాపర్‌తో నేనే పాలు పట్టాను. తాగాక తడిగుడ్డతో పొట్ట నిమిరితే గానీ ఉచ్చ పోసేది కాదు. కాస్త బలపడగానే దాన్ని గడ్డి పెంచిన ఆవరణలో వదిలేశారు.

"ఇక నువ్వు అటు రాకు. మనిషి వాసన మర్చిపోవాలి అది" అన్నారు.

కంచె బయట కూడా నన్ను నిలబడనివ్వలేదు.

తర్వాత ఆయనకు కిడ్నీలు చెడ్డాయి. ఉద్యోగం మానేసి జగ్గయ్యపేట వచ్చేశాం. డయాలసిస్‌కి బస్సులో విజయవాడ వెళ్లొచ్చేవాళ్లం. జూలో ఆయన పనిని, ఆయన దగ్గరే నేర్చుకున్న నందిగామ అమ్మాయి చూసుకునేది. కుందేళ్లను అడవిలో వదిలిన రోజు వీడియో పంపింది. పెట్టె తలుపు తీసినా మాది చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక గడ్డి కదలడం ఒక్కటే కనిపించింది. డయాలసిస్ మంచం మీద ఆయన అదే చూస్తుండేవారు. పక్క మంచాలవాళ్లకీ చూపించేవారు.

మిరప కోతలప్పుడు ఒకరోజు తిరుగు బస్సు నందిగామ దాటుతుండగా ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఆయన కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నారు.

"మన పిల్ల పోయిందండి" అంది. "ఎవరో గడ్డి తగలబెట్టారు. మంటకి బయటికొస్తే నక్కో కుక్కో పట్టేసింది. మెడకి కట్టిన రేడియో సిగ్నల్ వల్ల శవం దొరికింది."

ఇంటికొచ్చాక ఆయనకు ఇడ్లీ పెట్టి, చెప్పాను. దాచడం నాకు చేతకాలేదు. ఆయన ప్లేటు పక్కన పెట్టారు.

"పాలున్నాయా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"దాని రొమ్ముల్లో. ఫోన్ చేసి అడుగు."

స్పీకర్ పెట్టి అడిగాను.

"ఉన్నాయండి. సార్‌కి చెప్పొద్దనుకున్నా. పిల్లల కోసం పొద్దుగూకేదాకా వెతికాం. కాలని గడ్డంతా చూశాం. కనపళ్లేదు."

"ఈనింది" అన్నారాయన మెల్లగా. "బయట, తనంతట తనే ఈనింది."

ఆయన ఏళ్ల తరబడి ఎదురుచూసింది దానికోసమే. ఆ మాట అంటూనే మొహం గోడవైపు తిప్పుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నేను పక్కన కూర్చున్నాను. నా కళ్లముందు డ్రాపర్‌కి నోరు చాపిన ఆ పిల్లే. గడ్డిలో ఉన్నవాటికి పాలు పట్టేదెవరు? ఆయన్ని అడగలేదు. ఆయనకూ తెలుసు.

ఆ వేసవిలోనే ఆయన పోయారు. నందిగామ అమ్మాయి వచ్చి పెద్దకర్మ దాకా ఉంది. వెళ్తూ, జూలో ఇంకో ఆడకుందేలు చూలుతో ఉందని చెప్పింది.

"మంచిదమ్మా" అన్నాను.

ఆమె ఆటో కదిలాక, ఆ సంగతి ఆయనతో చెబుదామని గదిలోకి నడిచాను.